అట్ట మడతలో బొటనవేలు

వేలిముద్రలావిడ పొద్దున్నే పేపరు చదవడం చూసి తీరాలి. పొయ్యి మీది గిన్నెను దించుతున్నట్టు, అంచులు మాత్రమే గోళ్ళతో పట్టుకుంటుంది. పేజీ తిప్పాలంటే మూలనుంచి తిప్పుతుంది. ఇరవై ఏళ్ళుగా పోలీసు ఆఫీసులో కాగితాల మీది వేలిముద్రలు పైకి తీసే పని, చేతులకు అలవాటైపోయింది. ఎదురుగా కూర్చున్న మొగుడికి ఇది రోజూ వేడుకే.

"నువ్వు పోయాక, ఇలాంటి మనిషొకతె ఈ ఇంట్లో ఉండేదని చెప్పడానికి ఒక్క కాగితం ముక్కైనా మిగలదే" అంటాడు.

"పోయినప్పుడు చూసుకుందాం. ముందు కాఫీ తాగండి, చల్లారిపోతోంది" అంటుంది ఆవిడ.

ఆఫీసులో ఆవిడది వెనకవైపు గది. రెండు పింగాణీ పళ్ళాలు, ఒక ఆవిరిపెట్టె, ఒక భూతద్దం, అంతే సామాను. వేలు తగిలిన చోటల్లా కాగితం ఆ చెమటను తాగేస్తుంది. తుడిస్తే పోదు, ఏళ్ళు గడిచినా పోదు. ఆవిడ ఆ కాగితాన్ని మందునీళ్ళలో ముంచి, ఆరబెట్టి, సన్నగా ఆవిరి పట్టిస్తే, నేరేడుపండు రంగులో గీతలు ఒక్కొక్కటే పైకి లేస్తాయి. ఇక్కడ ఒక సుడి, అక్కడ రెండుగా చీలిన గీత, ఇంకోచోట దారి మరిచినట్టు ఆగిపోయిన గీత. లోకంలో ఏ ఇద్దరివీ ఒక్కలా ఉండవు. ఎన్ని వేల ముద్రలు చూసిందో, అయినా గీతలు పైకి లేచే ఆ క్షణంలో ఆవిడ ముఖం చూస్తే, ఇప్పుడే ఉద్యోగంలో చేరిందేమో అనిపిస్తుంది.

అలా లేచిన ముద్ర, మనిషి బతికుంటే గోరువెచ్చగా ఉంటుంది. మనిషితో పాటే అదీ మారుతుంది. కూరలు తరుగుతూ వేలు కోసుకుంటే, ఎప్పుడో ఏ ఉత్తరం మీదో వదిలిన ముద్రలోనూ ఆ కోత కనిపిస్తుంది. మనిషి పోతే ముద్ర చల్లబడిపోతుంది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే ఇది, ఎండకు బట్టలు ఆరతాయన్నంత మామూలు. సిరా పూసి వేయించిన ముద్రకు మాత్రం ఆ గుణం లేదు. అది కాగితం లోపలికి దిగదు, వేసిన రోజు ఎలా ఉందో అలాగే పడి ఉంటుంది.

ఒక సోమవారం బొత్తాల కొట్టు నడిపే ఆవిడ, లెక్కల పుస్తకం ఒకటి గుండెకు అదుముకుని ఆ గదిలోకి వచ్చింది. ఆవిడ కూతురు పొరుగూళ్ళో అద్దకాల మిల్లులో పనిచేసేది. మిల్లు తగలబడిపోయింది. దొరికినవాళ్ళను దొరికినట్టు ఏ ఆసుపత్రి దగ్గరైతే అక్కడికి తరలించారు. కొందరిని గుర్తుపట్టారు, కొందరిని పట్టలేకపోయారు. ఈ పిల్ల ఇటూ లేదు, అటూ లేదు. ఆచూకీ తెలియనివాళ్ళ పేర్లన్నీ శనివారానికల్లా చనిపోయినవాళ్ళలో కలిపేస్తామని మిల్లువాళ్ళు చెప్పేశారు. ఆ తర్వాత ఇక ఎవరూ వెతకరు. ఇంట్లో ఆయన కూడా, ఆశపడి ఆశపడి అలిసిపోయాను, ఇక నన్ను ఏడవనివ్వు అంటున్నాడట. పిల్ల కాగితాలన్నీ ఎప్పుడో తూకానికి పోయాయి. బళ్ళో చదివేటప్పుడు ఖాకీ అట్ట వేసుకున్న ఈ లెక్కల పుస్తకం ఒక్కటే మిగిలింది.

అట్ట మడతలు లోపల గమ్ముతో అతికి ఉన్నాయి. వేలిముద్రలావిడ అంచు వెంబడి కోసి, పైభాగం మాత్రం తీసి మందునీళ్ళలో వేసింది. ఆవిరి తగిలేసరికి అట్టంతా నేరేడుపళ్ళు చిదిమినట్టు అయిపోయింది. అన్నీ తల్లివే. ముద్ర మీద ముద్ర, దాని మీద ఇంకో ముద్ర.

"రోజూ నిమిరేదాన్ని మేడం" అంది తల్లి. "అంటే నా చేత్తో నేనే చెరిపేసుకున్నానా?"

"చెరగలేదక్కా, కిందే ఉంది. కానీ మీ గీతల్లోంచి విడదీయడం నా వల్ల కాదు."

తల్లి పుస్తకం తీసుకుని, విడిపోయిన అట్టను మళ్ళీ దానికి తొడగబోయింది. అట్ట తొడిగేటప్పుడు ఎవరైనా చేసేదే చేసింది. బొటనవేలు లోపలికి పోనిచ్చి, మడత నొక్కబోయింది.

"ఆగండి" అంది వేలిముద్రలావిడ. "ఈ అట్ట వేసిందెవరు?"

"అదే, మా పిల్లే. ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. మడత వంకర పోతే విప్పి మళ్ళీ వేసేది."

"మీరు పుస్తకం తెరిచి చూసేవారా?"

"లేదు మేడం. లోపల దాని చేతిరాత ఉంటుంది. తెరిచే ధైర్యం లేక పైనుంచే నిమిరేదాన్ని."

పేజీల మీద స్నేహితులవీ పంతుళ్ళవీ సవాలక్ష చేతులు పడి ఉంటాయి. మడత నొక్కిన వేలు మాత్రం అట్ట వేసినవాళ్ళదే. ఈ ముక్క తనకు ముందే తట్టనందుకు వేలిముద్రలావిడ తనను తాను తిట్టుకుంది. మడతను ఊపిరి బిగబట్టి ఊడదీసింది. మందునీళ్ళు, ఆరబెట్టడం, ఆవిరి. ఖాళీ కాగితం మధ్యలో ఒకే ఒక్క ఎడమ బొటనవేలు, తీర్చి దిద్దినట్టు లేచింది.

మిల్లులో చేరినప్పుడు సిరాతో వేయించిన ముద్రను తెప్పించి పక్కన పెట్టింది. సుడికి సుడి, చీలికకు చీలిక కలిశాయి. ఒక్కటే తేడా. సిరాముద్రలో లేని కాలిన చార ఒకటి, మడతలోని ముద్ర మీద వంకీ తిరిగి ఉంది. ఆవిడ వేలి వెనకభాగం దాని మీద ఆనించింది.

"వెచ్చగా ఉందక్కా."

తల్లి తన వేలి వెనకభాగం కూడా దాని మీద ఆనించి చూసుకుంది.

ఆ ముద్రను, ఆ చారను పెద్దది చేసి ఫోటో తీయించి ఆసుపత్రులన్నిటికీ పంపారు. శుక్రవారం ఒక నర్సు, పేరు తెలియని పేషెంటు కట్లు మారుస్తూ ఆ ఫోటో పక్కన పెట్టుకుని చూసింది. ముఖమంతా కట్లు, పొగకు గొంతు పోయింది, వేళ్ళన్నీ కాలి నున్నగా అయిపోయాయి. పిడికిలి బిగించినప్పుడు లోపల దాగినందుకేమో, ఎడమ బొటనవేలు ఒక్కటే మిగిలింది. దాని మీద వంకీ తిరిగిన చార. శనివారం మిల్లువాళ్ళు కలపాల్సిన పేర్లలో ఒకటి తగ్గింది.

కొన్ని నెలల తర్వాత ముగ్గురూ ఆ గదికి వచ్చారు. తండ్రి గుమ్మం దగ్గరే ఆగిపోయి, అప్పుడు ఏడ్చాడు. ఎన్నాళ్ళనుంచో దాచుకున్న ఏడుపు, తనివితీరా ఏడ్చాడు. కూతురు మాత్రం తన వేళ్ళను చాచి చూపించింది.

"ఇక నేనేం పట్టుకున్నా ఈ ఒక్క వేలే పడుతుంది మేడం" అంది, ఇంకా బొంగురుగా ఉన్న గొంతుతో.

"నిన్ను పట్టిచ్చింది అదొక్కటే కదమ్మా" అంది వేలిముద్రలావిడ. ఆ పిల్ల బొటనవేలిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక ముద్రను దాని సొంత వేలి మీద చూడటం అదే మొదలు. చాలా అందంగా ఉందనిపించింది, ఆ మాటే పైకి అంది.

మర్నాడు పొద్దున్న ఆవిడ పేపరు అందుకుని, రెండు అరచేతులూ పూర్తిగా ఆనించి పట్టుకుని, మొదటి పేజీనుంచి చివరి పేజీ దాకా చదివింది. మొగుడు కాఫీ తాగుతూ చూశాడు. నెలాఖరున పాత పేపర్లు తూకానికి వేసేటప్పుడు మాత్రం ఆ రోజు పేపరు ఒక్కటీ విడిగా తీసి, అంచులు పట్టుకుని, బీరువాలో పెట్టుకున్నాడు.