పల్చటి నూనె

మా ఆయన కోపం గురించి ఎవరినడిగినా చెబుతారు. ఎదుటివాడు తమలపాకుతో ఒకటంటే ఈయన తలుపుచెక్కతో రెండంటాడు. ఒక్క లారీల పెద్దాయన ముందు మాత్రం పిల్లి. మా మెకానిక్ షెడ్డుకి వచ్చే బళ్ళలో సగం ఆయనవే మరి.

ఆ పెద్దాయన కొత్తగా టర్బో కారు కొన్నాడు. మొన్న సర్వీసుకి తెస్తే నూనె మార్చింది మా తమ్ముడు. డబ్బా మూత తీసి అందించింది నేను. ఇంత పల్చగా ఉందేంట్రా అంటే నవ్వాడు.

"టర్బోలో గాలి తోసే చక్రం నూనె పొర మీదే తేలుతూ తిరుగుతుందక్కా. చిక్కటిది పోశావనుకో, పొద్దున్నే చల్లటి బండిలో అది అక్కడిదాకా పాకేలోపే చక్రం ఒరుసుకుపోతుంది."

పని మొదలుపెడితే వాడికి అన్నం కూడా గుర్తుండదు. తన చేతులంటే వాడికి అంత నమ్మకం.

ఆ కారే తాడు కట్టించుకుని తిరిగొచ్చింది. ఎత్తు రోడ్డు ఎక్కుతుంటే నీలం పొగ చిమ్మి ఆగిపోయిందట. పెద్దాయన దిగుతూనే మా ఆయన చెంప పగలగొట్టాడు.

"ఏం పోశార్రా నా బండిలో?"

మా ఆయన పెదవి చిట్లి నెత్తురు కారింది. అయినా పెద్దాయన్ని తిరిగి ఒక్క మాటనలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు మా తమ్ముడి మెడ పట్టుకుని బల్ల దగ్గరికి ఈడ్చుకెళ్ళాడు. వాడి కుడిచేతి వేళ్ళు ఇనప ముక్కలు బిగించే వైస్‌లో పెట్టి పిడి తిప్పాడు.

"చెప్పు. ఏం పోశావ్?"

"పల్చటిదే బావా! సింథటిక్కే! అక్కనడుగు!"

"మూత తీసిచ్చింది నేనే, వాణ్ణి వదులు!" అని ఆయన జబ్బ పట్టుకు లాగాను. మోచేత్తో ఒక్కటిచ్చాడు. వెళ్ళి టైర్ల మీద పడ్డాను.

"నీ తమ్ముణ్ణి వెనకేసుకు రాకు!"

ఇంకో చుట్టు తిప్పాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. తమ్ముడు అరుపు మధ్యలో మాట మార్చేశాడు.

"నేనే బావా! తప్పు నూనె పోసింది నేనే! వదిలెయ్ బావా!"

లేచి కారు కింద దూరి పానాతో నూనె దించే డ్రెయిన్ నట్టు విప్పేశాను. కిందికి తోసిన రేకు తట్టలోకి పడింది పల్చటి నూనె కాదు. ముదురు పాకంలా సాగుతూ దిగింది.

"నేను మూత తీసిచ్చింది ఇదా అసలు? నువ్వే చూడు!" అని తట్టని మా ఆయన కాళ్ళ దగ్గరికి తన్నాను.

పెద్దాయన వంగి, వేలితో తీసి చూశాడు.

"ఓ, ఇదా? నేనే పోయించా. మీవాడు పోసింది నీళ్ళలా ఉందని తీయించేసి లారీ నూనె కొట్టించా. నా లారీలు ఇన్నేళ్ళూ దీంతోనే తిరిగాయి. చిక్కటి నూనెతో చెడిన బండి ఉందా ఎక్కడైనా?"

మా ఆయన చెయ్యి ఇంకా వైస్ పిడి మీదే ఉంది. తిప్పి వదలొచ్చు. వదల్లేదు. వదలమంటారా అన్నట్టు పెద్దాయన మొహం చూశాడు.

అంతే. పానా ఎత్తి ఆ మణికట్టు మీద కొట్టాను. విరిగేదాకా కొట్టాను. ఆయన "అమ్మా!" అంటూ నూనెలో కూలబడ్డాడు. పెద్దాయన ముందుకో అడుగేశాడు. "రా, నీకూ ఉంది" అన్నాను. ఆయన కారు వదిలేసి రోడ్డెక్కాడు.

పిడి తిప్పి తమ్ముడి చెయ్యి బయటికి తీశాను. మూడు వేళ్ళు నుజ్జయ్యాయి. నా చున్నీ చుట్టి, వాణ్ణి పొదివి పట్టుకుని ఆసుపత్రికి నడిపించాను. వెనకనుంచి మా ఆయన పిలుస్తూనే ఉన్నాడు. నేను తిరగలేదు.

సందు మలుపులో తమ్ముడు ఆగిపోయాడు. మొహం నిండా చెమట, కళ్ళు ఎటో ఉన్నాయి. పెద్దాయన చెప్పిందేదీ వాడి చెవినపడినట్టు లేదు.

"అక్కా, ఒట్టేసి చెప్పు. నేను పోసింది సరైనదే కదా?"