వళ్లి కూలీ

"వీరాయిని రేపటినుంచి రావద్దని చెప్పెయ్యి" అన్నాడు రఘురామన్, ఇడ్లీ తుంచుతూ.

పెళ్ళాం శివకామి చట్నీ గిన్నె పట్టుకుని నిలిచి ఉంది. వీరాయి పెరట్లో గిన్నెలు తోముతోంది. ఊరంతా అరవమే కాబట్టి ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటే పనివాళ్ళకు తెలియదని రఘురామన్ నమ్మకం. ఇన్నేళ్ళు ఆ ఇంటి గిన్నెలు తోమినదానికి తెలుగు రాకుండా ఎట్లా పోతుంది? లోపల ఆ మాట పడగానే బయట గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలయింది. శివకామి పోయి చెప్పేటప్పటికి వీరాయి చేతులు కడుక్కుని, చీర కుచ్చిళ్ళు దించుకుని సిద్ధంగా ఉంది. "సరి అక్కా" అంది. అంతే.

సింగానల్లూరులో వాళ్ళ ఇల్లు, ఇంటి వెనకే వాళ్ళ పట్టరై, ఇనుప పనుల చిన్న కార్ఖానా. రెండు లేతులు, ఒక డ్రిల్లింగు మిషను. పంపుసెట్టు కంపెనీలకు ఇనుప చక్రాలు, బిళ్ళలు చేసి ఇచ్చే పని. మామగారు పెట్టినది, ఇప్పుడు దానికి మొదలాళి, అంటే యజమాని, రఘురామన్. ఆ ఏడాది పంపుసెట్లు అమ్ముడుపోలేదు. ఎక్కడో ఎవరో పన్ను వేశారన్నారు, కరెంటు రేటు పెరిగిందన్నారు, బ్యాంకువాళ్ళు అప్పు ఆపేశారన్నారు. ఏది నిజమో శివకామికి తెలియదు. పెరట్లోకి వచ్చి పడే ఇనుము తగ్గింది. అది ఆమెకు కనబడింది.

"ఖర్చు తగ్గించాల" అన్నాడు రఘురామన్. తగ్గించారు. వీరాయి పోయింది. గ్యాసు మిగలాలని స్నానం నీళ్ళు పెరట్లో కట్టెల పొయ్యి మీదికి మారాయి. కట్టెలు విరిచేది శివకామి. దోసెపిండి అంగట్లో కొనడం మాని ఇంట్లో రుబ్బడం మొదలయింది. రుబ్బేది శివకామి. మదురైలో అమ్మను చూడడానికి ఏడాదికి రెండుసార్లు పోయేది. "ఫోను ఉండాది కదా, మాట్లాడుకో" అన్నాడు. కూతురు సుజిత పీలమేడులో ఇంజనీరింగు చదువుతోంది. ఆ ఫీజు తగ్గించలేరు, అది సరే. కారమడై రంగనాథస్వామి తేరుకు మనవాళ్ళ కులసంగం తరపున ఇచ్చే చందా కూడా తగ్గలేదు. మైకులో పేరు చదువుతారు. పోయిన ఏడు చదివిన మొత్తం కంటే ఈ ఏడు తక్కువ చదివితే మనవాళ్ళు ఏమనుకుంటారు అన్నాడు రఘురామన్. ఖర్చు తగ్గిందే కాని పని తగ్గలేదు, అది చేయి మారింది అని శివకామికి తోచింది. తోచినవన్నీ చెప్పే అలవాటు ఆమెకు లేదు.

వైకాసి నెలలో వళ్లిని మానిపించారు. డ్రిల్లింగు మిషను వళ్లిది. అంటే, ఆమె నడిపేది.

"కొన్ని రోజులు నువ్వు చూసుకో" అన్నాడు రఘురామన్. "పెద్ద పనేమి కాదు. పిడి పట్టి దించేదే."

"మన ఇంటి ఆడది పట్టరైకి పోయేదేంది?" అంది అత్త కోమలవల్లమ్మ. "ఎవరైనా చూస్తే?"

"వెనక వాకిట్లోనుంచి పోతుందిమ్మా. ఎవరు చూస్తారు?"

"అట్లయితే సరి" అంది అత్త.

పెద్ద పనేమి కాదని అన్నాడు కదా. అయితే దానికి వళ్లికి ఇన్నాళ్ళు కూలీ ఏంటికి ఇచ్చినారు అని శివకామి అడగలేదు. మొగుడి పాత చొక్కా ఒకటి తీసి చీర మీద తొడుక్కుంది. కొంగు మిషనులో చిక్కకుండా వళ్లి కూడా అట్లే తొడుక్కునేది. పట్టరైలో పెద్దవాడు కుప్పుసామి, మామగారి కాలంవాడు, దగ్గరుండి చూపించాడు. బిళ్ళను ఇట్లా బిగించు, నూనె ఇట్లా పొయ్యి, తొందరపడి దించొద్దు, ఇనుమే దారి ఇస్తుంది. మొదటి వారం చేతులు బొబ్బలెక్కాయి. ఆ చేతులతోనే సాయంత్రం చింతపండు పిసికితే మంట. తర్వాత మంట పోయింది, చేతులు గట్టిపడ్డాయి.

పని ఆమెకు నచ్చింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. వండితే తింటారు, గిన్నె ఖాళీ. తోమితే మళ్ళీ మురికి. ఊడ్చిన చోటే మళ్ళీ చెత్త. పెళ్ళయిన నాటినుంచి ఆమె చేసిన పని ఒక్కటీ మరుసటి రోజుకు మిగల్లేదు. ఇక్కడ బిళ్ళకు నాలుగు కన్నాలు వేస్తే ఆ నాలుగు కన్నాలు ఉంటాయి. సాయంత్రానికి పక్కన కుప్పగా ఉంటాయి. బండిలో ఎక్కి పీలమేడుకు పోతాయి, ఎక్కడో ఒక పంపులో బిగించుకుని నీళ్ళు పోస్తాయి. ఆమె వేసిన కన్నం ఆమె చచ్చినా ఉంటుంది. కట్టెలు విరుస్తూ, పిండి రుబ్బుతూ ఈ మాట తలుచుకునేది. తలుచుకుంటే నవ్వు వచ్చేది.

చుక్క గుర్తు పెట్టిన చోటు సరిగ్గా ఆనడం లేదని, కళ్ళజోడు కావాలని ఒకసారి అడిగింది.

"వచ్చే నెల చూద్దాం" అన్నాడు రఘురామన్.

వచ్చే నెల కూడా వచ్చే నెలే అన్నాడు. అత్త పగలు పడుకున్నప్పుడు శివకామి అత్త కళ్ళజోడు పెట్టుకుని పని చేసుకునేది. అత్త లేచి, "నా కళ్ళజోడు ఏమాయె? ఈ ఇంట్లో వస్తువులకు కాళ్ళు ఉండాయా?" అని అరిచేలోపు తెచ్చి దిండు పక్కన పెట్టేది. దాని అద్దాలకు నూనె వాసన ఎందుకు వస్తోందో కోమలవల్లమ్మకు చివరిదాకా తెలియలేదు.

ఒకరోజు పంపు కంపెనీనుంచి సుందరరాజన్ అని సూపర్‌వైజరు వచ్చాడు. స్కూటరు చప్పుడు వినగానే రఘురామన్ ఇంట్లోకి పొమ్మని చేయి ఊపాడు. శివకామికి అర్థమయింది. చొక్కా విప్పి మిషను మీద వేసి, వెనక వాకిట్లోనుంచి ఇంట్లోకి పోయి, చేతులు రుద్ది కడిగి, కాఫీ కలిపి, ముందు వాకిట్లోనుంచి తెచ్చింది. సుందరరాజన్ ఒక బిళ్ళ చేతిలో తిప్పి చూస్తున్నాడు.

"డ్రిల్లింగుకు కొత్త మనిషా? శుభ్రంగా ఉంది."

"మన మనిషే సార్" అన్నాడు రఘురామన్.

సుందరరాజన్ కాఫీ తాగి, లోటా ఆమె చేతికిచ్చి, "కాఫీ బాగుందమ్మా" అన్నాడు. అతను చూసింది రెండూ ఆమె చేసినవే. ఒకటి ఆమెకు చెప్పాడు. రెండోది మొగుడికి చెప్పాడు. మొగుడు దాన్ని ఉంచుకున్నాడు.

అతను పోయాక, "నేనని చెప్పుంటే ఏమి?" అంది శివకామి.

"పెళ్ళాన్ని మిషను మీద నిలబెట్టేంత కష్టం వచ్చిందా రఘురామన్‌కు అంటాడు. వచ్చే ఆర్డరు కూడా రాకుండా పోతుంది. నీకు తెలీదు, ఊరుకో."

శివకామి పోయి మిషను మీది చొక్కా మళ్ళీ తొడుక్కుంది.

ఆడి నెలలో ఒక మధ్యాహ్నం శివకామి సింగానల్లూరు బస్టాండులో టౌనుబస్సు ఎక్కింది. ఆడవాళ్ళకు టికెట్టు లేని బస్సు. ఎవరినీ డబ్బు అడక్కుండా ఆమె ఇల్లు దాటగలిగింది దాని పుణ్యానే. "ఊరికే తీసుకుపోతాడని ఎక్కడికైనా పోయేదేనా?" అని అత్త అంటుంది. అన్నా పోతుంది. ఆ రోజు బస్సులో వళ్లి కనబడింది. కిటికీ పక్కన కూర్చుని జామకాయ తింటోంది. ఈమెను చూసి జరిగి చోటిచ్చింది, సగం జామకాయ కూడా ఇచ్చింది. ఇప్పుడు గ్రైండరు కంపెనీలో చేరిందట. పని ఎక్కువ, అయినా పరవాలేదట.

"నా మిషను ఎట్లా ఉందక్కా? ఎడమపక్క కొంచెం ఊగుతుంది దానికి. ఎవరు నడుపుతున్నారు?"

"నేనే."

వళ్లి నోట్లో జామకాయ అట్లే ఉంచి చూసింది. తర్వాత శివకామి చేయి పట్టుకుని తిప్పి అరచేయి చూసింది. "అయ్యయ్యో, నిజమే" అని నవ్వింది. "అయితే సరే. నా కూలీ మీకు వస్తోందన్నమాట. ఎంత ఇస్తున్నాడు మొదలాళి? నాకంటే ఎక్కువే ఇస్తాడులే, కట్టుకున్న పెళ్ళాం కదా."

శివకామి జామకాయ కొరికింది. వళ్లికి అదే జవాబు అయింది. నవ్వడం మానేసింది.

"ఏమీ ఇవ్వడా?"

"ఇంటి పనే కదా."

"నాకు లేకుండా పోయింది, మీకూ రాలేదు. అట్లయితే నా కూలీ ఎవరికి పోయిందక్కా?"

తగువుకు అడగలేదు. నిజంగా తెలియక అడిగింది. శివకామి ఆలోచించి చూసింది. ఇంట్లోకి వచ్చిందా అంటే, ఇంట్లోకి వచ్చినట్టు ఆమె చూడలేదు. పాలు మునుపటిలో సగమే పోయించుకుంటున్నారు. కళ్ళజోడు లేదు. మైకులో మొగుడి పేరు చదివారు, అది ఉంది. స్టాపు వచ్చింది, వళ్లి దిగిపోయింది. "పిలిచినా నేను రానులే అక్కా, ఆ మిషను మీరే ఉంచుకోండి" అని కిందనుంచి అరిచింది. శివకామి ఎక్కడ దిగాలో మరిచిపోయి బస్సు ఆఖరుదాకా పోయి, అదే బస్సులో తిరిగి వచ్చింది.

పురటాసి నెలలో ఇనుము మళ్ళీ రావడం మొదలయింది. అంతకుముందులాగా కాదు, కొంచెం. రఘురామన్ ముఖం తేటపడింది. ఒక పొద్దున ఇడ్లీ తింటూ, "ఆయుధపూజ కానీ. తర్వాత డ్రిల్లింగుకు ఒక మనిషిని పెడతాను. ఇప్పుడు రోజుకు ఆరువందలు అడుగుతున్నారు, ఏం చేసేది, ఇచ్చేదే. నువ్వు ఒక వారం వానికి చూపించి ఇంట్లోకి వచ్చెయ్యి. పాపం, కష్టపడినావు" అన్నాడు.

పాపం అన్నాడు. ఎవరో ముఖం తెలియనివాడికి ఆరువందలు అన్నాడు. వాడికి పని నేర్పేది ఆమె. ఆమెకు పాపం. ఇంట్లోకి వచ్చేస్తే ఆమె పట్టరైలో పని చేసినట్టు ఎవరికీ తెలియదు. మిషను మీద వేసిన చొక్కా కూడా మొగుడిదే. శివకామి ఇంకో ఇడ్లీ వడ్డించింది. ఆయుధపూజకు మిగిలిన నాలుగు రోజులూ ఎప్పటిలాగే మిషను తుడిచింది, నూనె వేసింది.

ఆయుధపూజ నాడు మిషన్లన్నిటికీ పసుపు, కుంకుమ, చామంతి దండలు. దేవుడి పటం ముందు బొరుగులు, వేయించిన శనగలు, అరటిపళ్ళు. కుప్పుసామి, సెంతిల్ తలంటుకుని వచ్చి నిలిచారు. సెంతిల్ రెండో లేతు నడిపేవాడు. సుజితకు కాలేజీలో పూజ, రాలేదు. కోమలవల్లమ్మ భర్త పోయినప్పటినుంచి తాంబాళం ముట్టదు కాబట్టి ఓరగా గోడ దగ్గర నిలిచింది. తాంబాళం శివకామి చేతిలో ఉంది. అందులో పళ్ళు, తాంబూలం, రెండు బోనసు కవర్లు. కవరు మీద పేరూ, పనీ రాసి ఉంటాయి. "కుప్పుసామి, లేతు." "సెంతిల్, లేతు." మొదలాళమ్మ తాంబాళం పట్టుకుంటే మొదలాళి తీసి ఇస్తాడు. ప్రతి ఏడూ అంతే.

ఆ పట్టరైలో మామగారు పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. కర్పూరం వెలుగుతుండగానే మిషన్లన్నీ ఒకసారి తిరగాలి. ఏ మిషను ఎవరు నడుపుతారో వాళ్ళే తిప్పాలి, మొదలాళి ముట్టకూడదు. ముందు కవరు, తర్వాత స్విచ్చి. చేతికి కూలీ అందకుండా ఇనుము తిరగకూడదని ఆయన మాట.

కుప్పుసామి కవరు కళ్ళకద్దుకుని తన లేతు తిప్పాడు. సెంతిల్ తనది తిప్పాడు. డ్రిల్లింగు మిషను మిగిలింది.

"అది కూడా తిప్పెయ్యి సెంతిల్" అన్నాడు రఘురామన్.

సెంతిల్ కదల్లేదు. "నేను దాన్ని ఒక్కరోజూ నడపలేదన్నా."

"సరి, నేనే తిప్పుతాను."

"వద్దురా" అంది గోడ దగ్గరనుంచి కోమలవల్లమ్మ. "మీ నాయన ఉన్నంతవరకు ముట్టలేదు. శివకామీ, నువ్వు పోయి తిప్పమ్మా. కర్పూరం ఆరిపోతుంది."

శివకామి తాంబాళం స్టూలు మీద పెట్టింది. డ్రిల్లింగు మిషను దగ్గరకు పోయి నిలిచింది. చేయి స్విచ్చి మీదికి పోలేదు.

"తిప్పు" అన్నాడు రఘురామన్.

"కవరు ఇవ్వలేదు కదండీ."

సెంతిల్ కిందికి చూశాడు.

"ఇదేం విడ్డూరమే?" అంది కోమలవల్లమ్మ. "మొదలాళమ్మ కూలీకి చేయి చాచేదా?"

"చాచలేదత్తా. నిలుచున్నాను."

రఘురామన్ కర్పూరం వైపు చూశాడు. జేబులో చేయి పెట్టి ఒక నోటు తీసి ముందుకు చాచాడు. "ఇంద. తిప్పు."

"అట్లా కాదు. కవర్లో పెట్టి ఇవ్వండి. అందరికీ ఇచ్చినట్టు."

బల్ల సొరుగులో పాత కవర్లు ఉన్నాయి. కుప్పుసామి ఒకటి తీసి తెచ్చి రఘురామన్ చేతికిచ్చాడు, చొక్కా జేబులోనుంచి పెన్ను కూడా తీసి ఇచ్చాడు. రఘురామన్ కవరు లేతు మీద ఆనించి పెన్ను మూత తీశాడు. ఏమి రాయాలన్నట్టు తలెత్తి పెళ్ళాం వైపు చూశాడు.

"శివకామి, డ్రిల్లింగు అని రాయండి" అంది. "ఇది బోనసు. కూలీ వేరే, వైకాసి నుంచి. కొత్త మనిషికి చెప్పిన రేటే."