రాహేలమ్మ ఫ్లెక్సీ ఫొటో

కాగిన ఇసుకలో బియ్యం పడగానే రాహేలు కట్టెతో గిరగిరా తిప్పింది. చిటపటమంటూ బొరుగులు పొంగి బాండలి నిండింది. జల్లెడలోకి ఎత్తి నాలుగు ఊపులు ఊపితే ఇసుక కిందికి, బొరుగులు గంపలోకి. ప్రొద్దుటూరులో గఫూర్ బట్టీ పెట్టిననాటి నుంచి ఆమె కుడిచెయ్యి చేస్తున్న పని అదే. సెగకు ఆ చేతిమీద వెంట్రుక మొలవదు. గూట్లో స్టీలు గ్లాసు, గ్లాసు నీళ్లలో ఆమె కట్టుడు పళ్లు. ఆదివారం చర్చికి తప్ప పెట్టుకోదు. ఇంట్లో ఉంచితే ఎలుకలు ఎత్తుకుపోతాయని వారమంతా ఇక్కడే పెడుతుంది.

గుమ్మంలో నౌషీన్ నిలబడింది. పులివెందుల పిల్ల, కడపలో బొమ్మలేసే చదువు. జమ్మలమడుగు పక్కన గండికోట లోయను క్లాసులో అందరూ నెట్‌లో చూపించిన ఒకే రాయి మీద నిలబడి ఫోన్లతో ఫొటోలు తీసుకొచ్చారు. సారు వాటిని అచ్చు వేయించి, అన్నీ బల్లమీద కలిపేసి, ఎవరిది వాళ్లు ఏరుకోమన్నాడు. ఒక్కరూ ఏరుకోలేకపోయారు. సోమవారానికి కొత్త ఫొటో తేవాలి.

నౌషీన్ ఫోన్ చూపించింది. అందులో ఏ దేశపు ముసలమ్మో, పొగలో, ఏడుపు మొహంతో.

"ఇట్ల కూచో అవ్వా. నవ్వాకు."

"నవ్వితే నీ ఫోను పగుల్తాదా?"

"నెట్‌లో ఇట్లాంటియే బాగా పోతాండాయవ్వా."

"సరే. నీకొకటి, నాకొకటి. నాది ఫ్లెక్సీకి."

"ఏం ఫ్లెక్సీ?"

"సచ్చినాక వీధి మలుపులో కడతారు గదా, అది. మా తమ్ముడు సత్యానందానికి ఆధార్ కార్డులో మొగమే పెద్దది చేసి ఏసినారు. పోలీసోళ్లు ఎతికే దొంగ మాదిరి ఉన్న్యాడు. ఏడ్సేకి వచ్చినోళ్లు కొంగు అడ్డం పెట్టుకోని నవ్వినారు పాపా. నాకట్ల కాగూడదు."

ముందు నౌషీన్ పని అయింది. పోయిన పళ్ల నొప్పిని తలుచుకుని రాహేలు ఏడుపు మొహం పెట్టింది. తర్వాత పళ్లు పెట్టుకుని, కొంగు సర్దుకుని, స్టూడియోలో మాదిరి నిటారుగా కూర్చుంది. ఫోన్ తనంతట తానే ఆమె ముడతలన్నీ ఇస్త్రీ చేసేసింది.

రాహేలు ఫోన్‌లోకి చూసింది. "ఈ పిల్లెవరే?"

గఫూర్ తొంగిచూశాడు. "సినిమాకు పనికొస్తావు రాహేలక్కా!"

"ఈమెను కడితే నా సావుకు ఎవురొస్తారప్పా? ఎవురిదో పెండ్లి అనుకోని పోతారు."

నౌషీన్ ఆ హంగులన్నీ తీసేసింది. ఇప్పుడు చూసి అలాగే తీయడానికి నెట్‌లో ఇంకో ఫొటో లేదు. ఎక్కడ నిలబడాలో తోచక అటూ ఇటూ జరిగింది. ఫోన్ దించి, వచ్చిన తర్వాత మొదటిసారి ఆమె మొహాన్ని మొహంగా చూసింది.

ఇంతలో ఇసుక మాడు వాసన వచ్చింది. రాహేలు లేచి బియ్యం విసిరింది. వేడి బొరుగు ఒకటి ఎగిరి నౌషీన్ మెడ దగ్గర బట్టల్లో దూరింది. "అమ్మోవ్!" అని ఆ పిల్ల గెంతుతుంటే రాహేలు పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. గెంతుతూనే నౌషీన్ ఫొటో నొక్కేసింది.

ఫొటో కాస్త వాలింది. అంచున గఫూర్ మోచెయ్యి పడింది. రాహేలు ఫోన్‌ను దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈమైతే నాకు తెలుసు. గఫూరు ఫోనుకు పంపు."

"ఇప్పుడేం తొందర? నూరేండ్లుంటావు."

"అన్నేండ్లూ ఈ ఇసకలోనేనా తల్లీ!"

సాయంత్రం రాహేలు నౌషీన్‌కు ఒక పొట్లం బొరుగులిచ్చి, పళ్లు కడిగి గ్లాసులో వేసి, ఇంటికి నడిచింది.

సోమవారం సారు మళ్లీ ఫొటోలన్నీ కలిపేశాడు. నౌషీన్ వేలు నేరుగా వాలిన ఫొటో మీదికి వెళ్లింది. ఆ మాట చెప్పాలని అప్పటికప్పుడు ప్రొద్దుటూరు బస్సెక్కింది. వీధి మలుపులోనే రాహేలు ఎదురైంది, రెండు కరెంటు స్తంభాల నడుమ, గాలికి ఊగుతూ, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ. దారిన పోయేవాళ్లు తలెత్తి ముందు నవ్వుతున్నారు, తర్వాత కళ్లు తుడుచుకుంటున్నారు. గఫూర్ మోచెయ్యి కూడా అలాగే ఉంది.

"నువ్వొచ్చి పోయిన రాత్రే పాపా," అన్నాడు గఫూర్, బట్టీలో గూటివైపు చూపిస్తూ. "పండుకున్నెది పండుకున్నెట్లే. పెట్టెలో పెట్టేటప్పుడు ఇయ్యి ఎవురికీ గుర్తుకు రాలా."

గూట్లో స్టీలు గ్లాసు ఉంది. నీళ్లడుగున పళ్లు, పైన తేలుతూ ఒక తెల్లటి బొరుగు.