ఈస్టరు దాకా ఆగిన ఇల్లు

ఎవరైనా ఇల్లు కొనేది బతకడానికి. కృష్ణయ్య మాత్రం చచ్చాక పడుకోవడానికి కొన్నాడు. ఈ మాట అతను ఎవరి దగ్గరా దాచలేదు. పెళ్ళి బంతిలో కూర్చుని, ఎదుటివాడు ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా కూడా అనేసేవాడు. "బతికినన్నాళ్ళు కిరాయి ఇల్లైతే ఏంది భాయ్, చచ్చినంక ఒక్క పూట సొంతింట్ల పండుకోవాలె" అని. పక్కనే ఉన్న భార్య రాహేలుకు ఒళ్ళు మండేది. "శుభమా అని నలుగురు తింటుంటె పీనుగుల ముచ్చట ఏందయ్యా" అని గదిమేది. అతను నవ్వేసి పెరుగు వేసుకునేవాడు.

గదిమేదే కానీ, అందులో తప్పేమీ లేదని ఆమెకూ తెలుసు. మామ ఆగయ్య పోయిన రోజు ఆమె అక్కడే ఉంది మరి. అప్పుడు చాంద్రాయణగుట్ట చౌరస్తా వెనక గల్లీలో కిరాయికి ఉండేవాళ్ళు. కృష్ణయ్య బస్సు డిపోలో మెకానిక్. వానాకాలం. పొద్దున్నే గంజి తాగి గోడకు ఒరిగిన ముసలాయన అలాగే పోయాడు. ఇంకా ఒళ్ళు చల్లబడకముందే ఓనరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతను చెడ్డవాడేం కాదు, కిరాయి ఆలస్యమైతే ఒక్క మాట అనేవాడు కాదు. కానీ కిరాయిదారుల శవం ఇంట్లో ఉంచితే నెలల తరబడి ఇల్లు మూసి పెట్టాలని, ఆ తర్వాత కూడా ఎవరూ ఆ గదుల్లోకి రారని అతని భయం. ఈ ఊళ్ళో ఇదేమీ కొత్త సంగతి కాదు. ఊపిరి ఉన్నంతసేపే కిరాయిదారు మనిషి, అది పోగానే బయటికి.

అలా ఆగయ్యను రోడ్డు మీద బల్ల వేసి పడుకోబెట్టారు. పైన టార్పాలిన్ పట్టా కట్టారు. మధ్యాహ్నానికి వాన దంచి కొట్టింది. మోరీ పొంగి, నీళ్ళు బల్ల కాళ్ళ చుట్టూ తిరిగాయి. పోయే బండ్లు పోతూనే ఉన్నాయి, ఒకటి రెండు చిమ్మిన బురద ముసలాయన తెల్లటి దుప్పటి మీద పడింది. పట్టా అంచు పట్టుకుని నిలబడ్డ కృష్ణయ్య అప్పటిదాకా ఏడవనివాడు, ఆ మరకలు చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రాహేలు తన కొంగుతో దుప్పటి తుడిచింది. తుడిచినకొద్దీ మరక పెద్దదైంది.

ఆ వానలు తగ్గాయో లేదో కృష్ణయ్య పోస్టాఫీసుకు వెళ్ళి పీపీఎఫ్ ఖాతా తెరిచాడు. చిట్టీ వేస్తే మునుగుతుందని భయం, బంగారం కొంటే అమ్ముకుంటామని భయం, ఇంట్లో దాస్తే చుట్టాలు వాసన పట్టేస్తారని భయం. ఇందులో వేసింది పదిహేనేళ్ళ దాకా మొత్తంగా చేతికి రాదనీ, వచ్చిన రోజున వడ్డీ మీద కూడా పన్ను ఉండదనీ కౌంటరు దగ్గరి ఆయన చెప్పగానే కృష్ణయ్యకు అది తెగ నచ్చేసింది. "సర్కారు సుత ముట్టదు రాహేలూ, గీ పైసలను!" అని ఆ రోజంతా ఒకటే సంబరం. అతని జీతానికి సర్కారు వచ్చి పన్ను అడిగే యోగం ఎన్నడూ పట్టలేదు, అది వేరే సంగతి. ఉన్నవాళ్ళ సౌకర్యం ఒకటి తనకూ దొరికిందని అతని గర్వం.

నెలలో ఐదో తారీకు లోపల కడితేనే ఆ నెల వడ్డీ లెక్కలోకి వస్తుంది. అందుకని జీతం పడిన మర్నాడే పోస్టాఫీసు, ఆ తర్వాతే బియ్యమూ పప్పూ. ఇల్లు గడిచింది మాత్రం రాహేలు కుట్టిన జాకెట్లతోనే. అవసరం పడితే ఏడో ఏడు నుంచి కొంత తీసుకోవచ్చని కృష్ణయ్యకు తెలిసినా తెలియనట్టే ఉన్నాడు. కొడుకు వెస్లీ పెళ్ళికి కొంచెం తీద్దామని రాహేలే నోరు తెరిచి అడిగింది. "అండ్ల మా నాయిన పండుకున్నడే, లేపకు" అన్నాడు. ఆ మాటకు వెస్లీ రెండు నెలలు తండ్రితో మాట్లాడలేదు. పెళ్ళి చర్చి వరండాలోనే చేశారు. బగారన్నం సగంలో అయిపోయి, వచ్చినవాళ్ళలో కొందరు తినకుండానే వెళ్ళిపోయారు. ఆ అవమానం రాహేలు మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఖాతా పూర్తయ్యేసరికి చాంద్రాయణగుట్ట మీద ఫ్లైఓవర్ లేచింది, భూమి ధర దాన్ని మించి లేచింది. అయినా ఆ డబ్బూ, రిటైరైనప్పుడు డిపో వాళ్ళిచ్చిందీ కలిపి మొగుడూ పెళ్ళాలు ఎండలో ఏడాది పైగా తిరగ్గా తిరగ్గా బార్కస్ వైపు ఒక గల్లీలో ఇల్లు దొరికింది. రెండే గదులు, ముందు మూరెడు వసారా. కొడుకూ, కోడలు రూపా, తామిద్దరూ సర్దుకుంటే సరిపోతుంది. రూప కడుపుతో ఉంది కనుక, పుట్టబోయే బిడ్డకూ అక్కడే ఉయ్యాల. రిజిస్ట్రేషన్ కాగానే కృష్ణయ్య ఆఫీసు మెట్ల మీదే తాళంచెవి తీసి ముద్దు పెట్టుకున్నాడు. పక్కన సంతకాల కోసం వచ్చినవాళ్ళు నవ్వారు.

చిక్కల్లా, ఆ వారంలోనే భస్మ బుధవారం వచ్చి, ఈస్టరు దాకా సాగే నలభై శ్రమదినాలు మొదలయ్యాయి.

శ్రమదినాల్లో చర్చి సంఘంలో ఎవరూ పెళ్ళి పెట్టుకోరు, కొత్తిల్లు చేరరు. ఉపవాసాలూ ప్రార్థనలే తప్ప పండుగ మాట ఉండదు. కృష్ణయ్య ఇవన్నీ పట్టించుకునే మనిషి కాదు. "రేపే పోదాం పా" అని మూట కట్టబోయాడు. రాహేలు ఒప్పుకోలేదు.

"శ్రమదినాలల్ల ఎవలన్న ఇల్లు చేరుతరా? ఈస్టర్ కానియ్. చర్చి అయ్యగారొచ్చి ఇల్లు ప్రతిష్ఠ చెయ్యాలె, సంఘమంత రావాలె, అందరికీ కడుపునిండ బగారన్నం పెట్టాలె. గీసారి ఒక్కలు సుత ఆకలితోని పోవద్దు."

"బగారన్నం తర్వాత పెట్టుకోవే. నేనొక్కన్నే పోయి ఒక్క పొద్దు పండుకొని వస్త."

"పదిహేనేండ్లు ఆగినోనివి, గీ నలభై దినాలు ఆగలేవా?"

కనీసం ఒక ఫ్యానన్నా బిగించి వస్తానన్నాడు. అదీ వద్దంది. ప్రతిష్ఠ కాకుండా గడప దాటనని అతని చేత మాట తీసుకుని, తాళంచెవి తన కొంగుకు ముడి వేసుకుంది. ఆమెకు ఇల్లంటే అయ్యగారి ప్రార్థన, కొత్త చీర, పదిమంది కళ్ళ ముందు తలుపు తెరవడం. ఆ ఒక్క రోజు కోసమే ఇన్నేళ్ళూ మిషను తొక్కిందా అన్నట్టు పట్టుబట్టింది. అందులో ఆమెను తప్పు పట్టాల్సిందేముంది? జన్మకొక్కసారి వచ్చే సంబరం అది.

కృష్ణయ్య మాట తప్పలేదు. రోజూ పొద్దున టిఫిన్ తిని బార్కస్ వెళ్ళి, తాళం వేసిన తన ఇంటి గడప బయట కూర్చుని వచ్చేవాడు. పక్కింట్లో ఒక ముసలావిడ ఉంది, గల్లీ అంతా ఆమెను ఖాలాజాన్ అంటారు. ఆమె చాయ్ పంపేది. "మంచి మనుషులే రాహేలూ, నిన్నెప్పుడు తెస్తనని అడుగుతున్నరు" అని వచ్చి చెప్పేవాడు. ఈస్టరు వెళ్ళిన సోమవారం ప్రతిష్ఠ అని అయ్యగారితో మాట్లాడి పెట్టారు. రాహేలు బియ్యానికి కూడా చెప్పేసింది.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం గడిచింది. మంగళవారం పొద్దున చెప్పులు వేసుకుంటూ కృష్ణయ్య ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. వెస్లీ ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు బయటికి వచ్చి ఇంగ్లీషులో ఏదో చెబుతుంటే రాహేలుకు ఆ మాటలు అందలేదు, కొడుకు మొహం చూసి తెలుసుకుంది. ఏడుపు కంటే ముందు ఆమె గొంతులోకి వచ్చింది ఒక ప్రశ్న. ఈయనను ఎక్కడికి తీసుకుపోవాలి? మొగుడు పోయిన క్షణాన ఆ ప్రశ్న వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అంబులెన్సు కిరాయింటి ముందు ఆగేసరికి ఇప్పటి ఓనరు శ్రీహరిరావు గేటు దగ్గరే ఉన్నాడు. భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. కృష్ణయ్యతో రోజూ పేపరు పంచుకుని చదివేవాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమనుకోకండి రాహేలమ్మా. మా ఆవిడ పట్టింపులు మీకు తెలియనివి కావు. టెంటు ఖర్చు నేను పెట్టుకుంటాను" అన్నాడు తల దించుకుని.

"మేం అడుగుతలేం సారూ" అంది రాహేలు. "బట్టలు తీస్కపోనీకి వచ్చినం. మాకు ఇల్లున్నది."

మాకు ఇల్లున్నది. బతుకులో ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదటిసారి. ఇలాంటి రోజున అనాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

తీరా బార్కస్ గల్లీలోకి వచ్చేసరికి ఇంటి ముందు రోడ్డు మీద టెంటు వేసి ఉంది. కింద బల్ల, చుట్టూ ఎర్ర కుర్చీలు. వెస్లీ ఆస్పత్రి నుంచే సంఘంవాళ్ళకు ఫోన్ చేసి చెప్పాడట. అంబులెన్సు కుర్రాళ్ళు కృష్ణయ్యను దించి ఆ బల్ల మీద పడుకోబెట్టారు. రాహేలు కొడుకు వైపు చూసింది. జవాబు సంఘపెద్ద డానియేలు ఇచ్చాడు.

"ప్రతిష్ఠ కాని ఇల్లు గదమ్మా. కొత్తింట్లకు ముందుగాల పీనుగ పోతే మంచిగుండదంటరు."

ఎవరంటారు, వాక్యంలో ఎక్కడుంది అని అడిగి ఉంటే పెద్దమనిషి నీళ్ళు నమిలేవాడే. ఎవరూ అడగలేదు. వెస్లీ తల్లి పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు. "అమ్మా, రూపకు ఏడో నెల. రేపు పుట్టేటోళ్ళు గీ ఇంట్లనే పెరగాలె. నాకు భయమైతుందే."

రాహేలుకు కోపం రావాలి. రాలేదు. నిన్నటిదాకా మంచీ చెడూ, దినాలూ గడియలూ అని ఆ ఇంటికి కాపలా కాసింది తనే కదా. ఏ నోటితో కాదంటుంది? తల ఊపి బల్ల పక్కన కూలబడింది.

ఎండ టెంటు గుడ్డలోంచి దిగి కృష్ణయ్య మొహం మీద పడుతోంది. గల్లీ ఇరుకు. ఒక ఆటోవాడు హారన్ కొట్టి, విషయం చూసి, "సారీ భాయ్, జర జాగ ఇయ్యి" అని బల్లను రాసుకుంటూ పోయాడు. దుమ్ము లేచింది. రాహేలు కొంగుతో మొగుడి మొహం తుడిచింది. చెయ్యి ఆగిపోయింది. ఈ పని తను ఇదివరకు ఒకసారి చేసింది.

అప్పుడే ఖాలాజాన్ కర్ర పట్టుకుని వచ్చింది. కృష్ణయ్యను చూసి కళ్ళు తుడుచుకుంది. తర్వాత టెంటునూ, ఇంటికి వేసిన తాళాన్నీ మార్చి మార్చి చూసింది. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు.

"క్యా హువా బేటీ? చాబీ గుమ్ గయీ క్యా?" అంది.

తాళంచెవి పోయిందా అని అడుగుతోంది. రాహేలు లేదన్నట్టు తలూపి కొంగు ముడి చూపించింది.

"ఫిర్ భాయ్ సడక్ పే కైకూ? ఘర్ తుమారాచ్ హై నా?"

మీ ఇల్లే కదా, మరి రోడ్డు మీద ఎందుకు? ముసలావిడ ఎత్తిపొడవలేదు, ఊరికే అడిగింది. రాహేలు గుండెలో అప్పటిదాకా గడ్డకట్టి ఉన్నదేదో ఒక్కసారి పగిలింది. గల్లీ అదిరేలా ఏడ్చింది. ఏడుస్తూనే లేచి, పళ్ళతో కొంగు ముడి విప్పి తాళం తీసింది.

వెస్లీ అడ్డం వచ్చాడు. "అమ్మా..."

"ఆపింది నేనే బిడ్డా. ఇన్ని దినాలు మీ బాపును గీ గడప బయట కూసోబెట్టిన. ఒక్క ఫ్యాను బిగిస్తనంటె బిగియ్యనియ్యలే. నా పాపం చాలు, ఇగ నువ్వు ఆపకు."

ఎవరూ కదల్లేదు. అప్పుడు రూప కుర్చీలోంచి భారంగా లేచింది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, ఇంకో చేత్తో దారికి అడ్డంగా ఉన్న కుర్చీలను ఒక్కొక్కటే పక్కకు జరపడం మొదలుపెట్టింది. వెస్లీ కాసేపు ఆమెనే చూశాడు. తర్వాత వంగి తండ్రి తల వైపు బల్ల పట్టుకున్నాడు. కాళ్ళ వైపు డానియేలే పట్టాడు.

ముందుగదిలో కొత్త సున్నం వాసన. కుర్చీ లేదు, మంచం లేదు, కప్పుకు ఉత్త కొక్కెం. ఖాలాజాన్ తన ఇంట్లోంచి షత్రంజీ జంపఖానా తెప్పించి పరిపించింది. కృష్ణయ్యను దాని మీదికి దించారు. మందపు గోడల వల్ల లోపల చల్లగా ఉంది. రాహేలు అతని తల దగ్గర కూర్చుని, ఇదిగో ఈ గది, అదిగో వంటిల్లు, వెనక జామచెట్టు పెడదామంటివి గదా అని వినేవాడికి చెప్పినట్టు చెప్పుకుంటూ పోయింది. ఆమె చెబుతుంటే వెస్లీ గోడకు తల ఆనించి ఏడ్చాడు.

అయ్యగారు వచ్చారు. వాక్యం చదివారు, పాట పాడారు, ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలోనే ఈ ఇంటిని కూడా దేవుని చేతికి అప్పగిస్తున్నామని ఒక మాట కలిపారు. రాహేలు ఆమెన్ అంది. బయట బండి వచ్చి ఆగింది. సమాధి తవ్వడం అయిపోయిందని, పొద్దు గూకకముందే చేరుకోవాలని డానియేలు వచ్చి అయ్యగారి చెవిలో చెప్పాడు. నలుగురు మగవాళ్ళు శవపెట్టె లోపలికి తెచ్చి కృష్ణయ్య పక్కన పెట్టారు.

"ఇగ లేపుదామా అమ్మా?" అన్నారు అయ్యగారు.

రాహేలు మొగుడి ఛాతీ మీద చెయ్యి వేసి, తలెత్తి అందరినీ బతిమాలుతున్నట్టు చూసింది.

"జర ఆగుండ్రి అయ్యగారూ. ఇప్పుడే గదా ఇంట్లకొచ్చిండు."