పాత వెర్షన్ చిదంబరం

నాచారంలో పొద్దున్నే కంపెనీ బస్సులు హారన్లు మొదలుపెడతాయి. ఆలోపల ధనశ్రీ టిఫిన్ డబ్బా కట్టాలి, ఆమె మొగుడు చిదంబరం ఆమెను ఏడిపించాలి. ఉప్మాలో ఉప్పు సరిపోయిందా అని ఆమె అడిగితే, "ఉప్పుల జర ఉప్మా కలిసింది" అనేవాడు. ఆమె చూడనప్పుడు కొంగును క్లిప్పుతో కిటికీకి తగిలించేవాడు. ఆయన పని పైపుల ఫ్యాక్టరీలో. నోరు మాత్రం సర్కస్‌లో.

ఒక రాత్రి ఆయన ఫోన్లో కొత్త వెర్షన్ ఎక్కింది. ఫోనుకు ఏది ఎక్కితే మనిషికీ అదే ఎక్కుతుందని ఆ గల్లీలో అందరికీ తెలుసు. అట్లాగే పక్కింటి అరుణకుమారికి గురక పోయింది, ఎదురింటాయన ఎడమచేత్తో తినడం మొదలుపెట్టాడు. "కొత్తదా? బ్యాటరీ ఎట్లొస్తుంది?" అని అడుగుతారు, అంతే.

తెల్లారి చిదంబరం ఉప్మా మొత్తం తిన్నాడు. "బాగుంది. ధన్యవాదాలు" అన్నాడు. ధనశ్రీ చేతిలోంచి గరిటె జారింది.

ఆ తర్వాత అన్నీ మంచి లక్షణాలే. భయమంతా అక్కడే. ఆమె అడగకముందే జవాబు చెప్పేవాడు. నిద్రలో కూడా కళ్లు మూసేవాడు కాదు, వాటి వెలుతురు తగ్గించేవాడు.

"నన్ను జర తిట్టరాదు?" అని ఒకనాడు బతిమాలింది.

"తిట్టడానికి కారణం కనిపించట్లేదు."

ఆదివారం ఆయన్ని ఉప్పల్ మెట్రో కింద సెల్‌ఫోన్లు బాగుచేసే మహిపాల్ దగ్గరకు తీసుకెళ్లింది. మహిపాల్ ఫోను చూసి, మనిషిని చూసి, పెదవి విరిచాడు.

"ఎక్కుడు అల్కగుంటది వదినా, దిగుడే కష్టం. కంపెనోళ్లు పాతదాని దర్వాజ బంద్ జేసిన్రు."

"పగలగొట్టు."

"పగలగొడితే మొత్తం తుడుచుకపోతది. అన్న యాదులన్నీ ఇప్పుడు కొత్తదాంట్ల ఉన్నయ్, గండ్ల దాసింది పాతదాంట్ల తెరుసుకోదు. అన్నకు నవ్వు మల్లొస్తది. నువ్వు యాదికుండవు."

ధనశ్రీ మొగుడి వైపు చూసింది. ఆయన నవ్వాల్సిన చోట, నవ్వాల్సినంత నవ్వాడు.

"దింపు" అంది.

మహిపాల్ వైరు తగిలించాడు. స్టూలు మీద చిదంబరం బిగుసుకుపోయాడు. ఫోను మధ్యలో ఇరుక్కుంది. కంపెనీ గుర్తు వెలుగుతోంది, ఆరుతోంది, మళ్లీ వెలుగుతోంది. చిదంబరమూ అంతే. కళ్లు తెరిచి "ధనా, జర..." అంటాడు, మూస్తాడు. మళ్లీ తెరిచి "ధనా, జర..." అంటాడు. జర ఏమిటో తెలియదు. పైన మెట్రోలు వస్తున్నాయి, పోతున్నాయి. ఆయన మాట మాత్రం అక్కడే తిరుగుతూ, తిరిగినప్పుడల్లా కొంచెం అరిగిపోతోంది.

"ధనా..."

"ధ..."

ఆ తర్వాత పేరు లేదు. ధనశ్రీ ఆపమనేలోపే అయిపోయింది.

చిదంబరం ఒళ్లు విరుచుకుని లేచాడు. దుకాణమంతా కలియజూసి, ఆమె దగ్గర ఆగాడు.

"ఏందన్నా, గీ అక్క నన్ను గట్ల సూస్తుంది? ఈమె ఫోను గిట్ట మింగిన్నా నేను?"

ఇన్నాళ్లకు ధనశ్రీ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది.

ఇద్దరిదీ ఒకటే ఇల్లని చిదంబరానికి చెప్పి, ఆయన బయటికి నడవగానే మహిపాల్ గొంతు తగ్గించాడు. "మీ నాచారంల కొత్త టవర్ పెట్టిన్రు వదినా. దాని కిందికి పోతే అడగకుంటనే కొత్తది మల్ల ఎక్కుతది. ఈసారి ఎక్కితే దింపుడు నాతోని గాదు."

రోడ్డు మీద చిదంబరం బండి స్టార్ట్ చేశాడు. చొక్కా జేబులో ఫోను ఒకసారి మెరిసి ఆరింది. ఆయన చూసుకోలేదు.

"అక్కా, మనిద్దరిది ఒకటే ఇల్లంట గద? నీ నసీబ్ మస్తు ఖరాబున్నది! నాకైతే తొవ్వ తెల్వదు. ఎటు పోవాలె?"

నాచారానికి ఎడమకు తిరగాలి. దండెం మీద బట్టలు ఆరేసి వచ్చింది. పెళ్లి ఫోటో, బీరువా, బియ్యం డబ్బా అన్నీ అటే ఉన్నాయి.

ధనశ్రీ వెనక ఎక్కింది. ఆయన భుజం ముట్టుకోకుండా సీటు కమ్మీ పట్టుకుంది.

"సీదా" అంది. "వరంగల్ రోడ్డు. నేను ఆపమన్నదాంక పోనియ్."