గొట్టం మీద తెల్లగీత

ముక్కు మీద కోపం మా ఇంట్లో నాది. మా ఆయనకి కోపం రాదు. ఆయనకున్నదల్లా పరువు. అది కావలసినదానికంటే కాస్త ఎక్కువే ఉంది, పందెం రోజున మరీను.

ఇంటి వెనక రేకుల షెడ్డులో మా పందెం కారు ఉంటుంది. ఇంజన్ పని ఆయనది, పొగగొట్టాలు నావి. గొట్టాలు వంచడం, అతకడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఇంజన్ నుంచి నాలుగు సన్న గొట్టాలు బయటికొచ్చి ఒక లావుపాటి గొట్టంలో కలుస్తాయి. పనివాళ్ళు దాన్ని కలెక్టర్ అంటారు, మా ఇంట్లో మూతి అంటాం. ఈ మూతి ఎంత పొడుగుండాలన్నదే అసలు గొడవ. మరీ పొడుగైతే చివర్లో జోరు అందుకోదు. మరీ పొట్టిదైతే అరుపు బ్రహ్మాండంగా ఉంటుంది కానీ, గేరు మార్చినప్పుడల్లా కారు ఒక్క క్షణం మొద్దుబారుతుంది. ఇద్దరు పక్కపక్కన తిన్నగా దూసుకుపోయే పందెంలో గెలుపోటములు తేలేది ఆ క్షణంలోనే.

కొలత తెలుసుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. మూతి పొడవునా తెల్లరంగుతో ఒక గీత గీస్తాం. కారు పూర్తి జోరుతో పరుగు తీసి, పందెం ముగిసేచోటి చివరి దీపాలు దాటగానే ఇంజన్ ఆపేయాలి. వేడి గట్టిగా తగిలినంత మేర రంగు మాడిపోతుంది, ఆ తర్వాత తెల్లగానే ఉంటుంది. మాడు ఎక్కడ ఆగిందో అక్కడ కోయాలి. ఇందులో కష్టమేమీ లేదు, ఇంజన్ ఆపడం తప్ప.

ఎందుకంటే ఇంజన్ ఆపితే కారుని తాడు కట్టి లాక్కురావాలి. లాగే వాన్ నడిపేది మా అత్తగారు. గ్యాలరీలో జనమంతా చూస్తుండగా కన్నతల్లి తాడు కట్టి లాక్కొస్తుంటే మా ఆయనకి తల కొట్టేసినట్టుంటుంది.

"చెడిపోయిన కారనుకుంటారే," అనేవాడు.

"అనుకోనీండి. వాళ్ళేమైనా మీకు పిల్లనివ్వాలా ఇప్పుడు?" అనేదాన్ని.

అయినా ప్రతిసారీ తనే నడుపుకుంటూ, గుర్రుగుర్రుమనిపిస్తూ వచ్చేవాడు. ఆ దారిలో మిగతా రంగు కూడా మాడిపోయేది. గీతలో చూడ్డానికి ఏమీ మిగిలేది కాదు. నా రంగే మంచిది కాదని తేల్చేసి, చెవితో విని, "ఇంకాస్త కోసెయ్, గొంతు విచ్చుకుంటుంది" అనేవాడు. సణుక్కుంటూనే కోసేదాన్ని. అలా మూడుసార్లు కోసిన ముక్కలు, ఉంగరాల్లాంటివి, గోడ మేకుకి తగిలించి ఉంచాను. మూడో కోత తర్వాత కారు గొంతు నిజంగానే విచ్చుకుంది, కానీ మొదటి రౌండులోనే ఓడిపోయి ఇంటికొచ్చాం.

మర్నాడు ఆయన షెడ్డులో చేతులు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా మొదలుపెట్టాడు. "వచ్చేది ఈ ఏడాదికి ఆఖరి పందెం కదా. బయట తయారుగా దొరికే గొట్టాలు తెచ్చి బిగిద్దామనుకుంటున్నా. నువ్వేం అనుకోకు."

అనుకోకుండా ఎలా ఉంటాను? ఆ కారులో నాదంటూ ఉన్నవి ఆ గొట్టాలే. అవి ఊడదీస్తే నేను పందేనికి టీ ఫ్లాస్కు మోసుకెళ్ళే మనిషిని. ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. రెండూ కలిసొస్తే నాకు నోట మాట రాదు.

గుమ్మంలో ఉన్న మా అత్తగారికి మాత్రం వచ్చింది. "ఒరేయ్, నీకు పనికిరానిది దాని గొట్టమా, నా తాడా? ముందు అది తేల్చు."

ఆయన తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు. ఈలోగా నాకూ మాట వచ్చింది.

"పందెం రోజు పొద్దున ప్రాక్టీసు ఉంటుందిగా. ఒక్క పరుగు నేను చెప్పినట్టు తీయండి. అప్పటికీ గీత ఏమీ తేల్చకపోతే గొట్టాలు నేనే ఊడదీసిస్తాను."

"సరే," అన్నాడు, పన్ను పీకించుకోవడానికి ఒప్పుకున్నట్టు.

మేకు మీది ఉంగరాలు దించి, మునుపున్న వరసలోనే, మొదట కోసింది చిట్టచివర వచ్చేలా, మూతికి తిరిగి అతికాను. అతుకులతో అది గాజులు తొడిగిన చెయ్యిలా తయారైంది. దాని మీద పొడవునా గీత గీశాను.

ప్రాక్టీసుకే గ్యాలరీ సగం నిండింది. కారు దూసుకెళ్ళి చివరి దీపాలు దాటింది. నేను చెవి అటే పెట్టాను. చప్పుడు ఠక్కున ఆగిపోయింది. మైకులో ఎవరో, "పాపం, ఇంజన్ పోయినట్టుంది" అన్నారు. మా అత్తగారు వాన్ ఎక్కి నింపాదిగా బయల్దేరారు. తిరిగొచ్చేటప్పుడు ఆయన హెల్మెట్ తీయలేదు, దాని అద్దం కూడా ఎత్తలేదు. గ్యాలరీ ముందు అత్తగారు వేగం ఇంకాస్త తగ్గించారు. కావాలనే అని నా అనుమానం.

గొట్టం చల్లారాక కారు కిందికి దూరాను. మాడు రెండు ఉంగరాలు దాటి, మూడోదాని అతుకు దగ్గర ఆగిపోయింది. చిట్టచివరి ఉంగరం మీద రంగు వేసింది వేసినట్టే ఉంది. ఆయనా వచ్చి నా పక్కన పడుకుని చూశాడు.

"అంటే మనం మొదట కోసిన ముక్క ఒక్కటే అదనం," అన్నాడు మెల్లగా. "మిగతా రెండూ అనవసరంగా కోయించాను."

"నేనేమీ అనలేదు."

"నువ్వేమీ అనకపోతేనే భయం."

ఆ ఒక్క ఉంగరం కోసేశాను. మధ్యాహ్నం నుంచి రౌండు తర్వాత రౌండు గెలుస్తూ పోయాం. గేరు మార్చినప్పుడు కారు ఎక్కడా మొద్దుబారలేదు. ఫైనల్లో పక్క లేనులో ఉన్నది నిరుడు గెలిచిన పచ్చకారు. సగం దూరం దాకా రెండూ సమానంగా ఉన్నాయి. ఆఖరి గేరులో మాది ముందుకు లాగింది. చివరన గెలుపు దీపం మా లేనులోనే వెలిగింది.

గెలిచిన కారు గ్యాలరీ ముందు నుంచి అరుచుకుంటూ మెల్లగా తిరిగి రావడం అక్కడి రివాజు. జనం లేచి నిలబడతారు. ఆ ఊరేగింపు కోసం మా ఆయన ఏళ్ళ తరబడి కలలు కన్నాడు. నేను చప్పట్లకి చేతులెత్తేసరికి అటు ఇంజన్ చప్పుడు ఆగిపోయింది. ఈసారి నిజంగానే ఇంజన్ పోయిందనుకున్నాను.

"మళ్ళీ గీత గీశావా?" అన్నారు అత్తగారు.

"లేదత్తయ్యా. కొలత దొరికిందిగా."

ఆవిడ వాన్ తీశారు. తిరిగొచ్చేటప్పుడు వెనక తాడుకి కారు వస్తోంది. ఈసారి ఆయన హెల్మెట్ ఒళ్ళో ఉంది, చెయ్యి కిటికీ బయట ఉంది. జనం నిలబడి చప్పట్లు కొడుతుంటే ఊపుతున్నాడు.

"ఇంజన్‌కి ఏమైంది?" అన్నాను కారు ఆగీ ఆగకముందే.

"ఏమీ కాలేదు. చల్లారాక కింద చూడు."

చూశాను. మూతి మీద తెల్లగీత ఒకటి ఉంది. కుంచె పట్టడం రానివాడు, నేను చూడనప్పుడు, తొందరతొందరగా గీసిన వంకరగీత. సరిగ్గా అంచుదాకా మాడింది.

"వచ్చే ఏడాది ఇంజన్‌లో కొన్ని మార్పులు చేస్తా," అన్నాడు పైనుంచి. "కొత్త మూతి చెయ్యాలంటే నీకు దీని లెక్క తెలియాలి కదా."

నేను చాలాసేపు కారు కిందే ఉండిపోయాను. బయటికొస్తే ఏడుస్తున్నానని అందరికీ తెలిసిపోతుంది. పరువు నాకూ ఉంటుంది.