కంటి కొలత

ఆడపిల్ల తండ్రి వాకబుకు వెళ్ళడం కొత్తేమీ కాదు. ఇరుగుపొరుగును అడుగుతాడు, ఆఫీసు దాకా వెళ్ళి చూసొస్తాడు. మన టైలరు మాత్రం విమానమెక్కి, పెళ్ళికొడుకు పనిచేసే చోటే మంచం అద్దెకు తీసుకున్నాడు.

కారణముంది. "అబ్బాయి విదేశంలో హోటల్ మేనేజరు" అన్నాడు పెళ్ళిళ్ల పేరయ్య. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదా, ఆ వెయ్యిలో ఇది ఎన్నోదో తేలాలి. శుక్రవారం తాంబూలాలు. "నువ్వు చూసి సరే అంటేనే నాకు సరే నాన్నా" అంది కూతురు. గురువారం మధ్యాహ్నంలోగా ఫోన్ చేసి అవునో కాదో చెప్పాలి.

తీరా చూస్తే హోటలూ లేదు, గీటలూ లేదు. ఇరుకు మెట్లు, గదికి ఎనిమిది మంచాలు, ఒకదాని మీద ఒకటి. కౌంటర్లో ఉన్నది పేరయ్య ఇచ్చిన ఫోటోలోని పెళ్ళికొడుకే. నోట తెలుగు ముక్క జారకుండా పళ్ళు బిగబట్టి, వచ్చీరాని ఇంగ్లీషులో మంచం అడిగాడు టైలరు. పాస్‌పోర్టు ఇచ్చి, మళ్ళీ తీసుకున్నాడు. మనిషిని చూస్తే చాలు, టేపు అక్కర్లేదని, అరంగుళం కూడా తేడా రాదని ముప్ఫయ్యేళ్ళుగా ఊళ్ళో ఆయనకి పేరు. భుజం పదిహేడు అనుకున్నాడు. మనిషీ అంతంత మాత్రమే అనుకున్నాడు.

ఇక కుదురు లేదు. పై మంచం ఎక్కితే కిర్రుమంటుంది, దిగితే ఎవరి బూట్లో కాళ్ళకి తగులుతాయి. పదకొండు నుంచి మూడు దాకా శుభ్రం చేస్తారట, అందరూ బయటికి పోవాలి. కాలుగాలిన పిల్లిలా ఆ ఒక్క వీధిలోనే తిరిగాడు. మందుల షాపు, తాళాల షాపు, బస్టాపు, మళ్ళీ మందుల షాపు. చుట్టు చుట్టుకీ గాజు తలుపులోంచి తొంగి చూశాడు. శుభ్రం చేసే వేళ కదా, కింది గదుల తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. మేనేజరుగారు ఒక్కడే దుప్పట్లు మారుస్తున్నాడు. ఇంకో చుట్టులో బకెట్ మోస్తున్నాడు. ఆ పై చుట్టులో మోకాళ్ళ మీద కూర్చుని మరుగుదొడ్డి తోముతున్నాడు.

తలుపు దగ్గర్నుంచి గభాలున వెనక్కి తగ్గాడు టైలరు. దొడ్లు కడిగేవాడికా పిల్లనిచ్చేది? బంధువులకేం చెప్పాలి? పోనీ పనిమనిషి రాలేదేమో అని సర్దిచెప్పుకుని మర్నాడూ తిరిగాడు. మర్నాడూ అతనే, అదే బకెట్. కోపం ముంచుకొచ్చింది. ఆ కోపం పేరయ్య మీదో, పెళ్ళికొడుకు మీదో, అతను దుప్పటి అంచు ముడత లేకుండా మడిచిన తీరు నచ్చినందుకు తన మీద తనకో తెలియలేదు.

గురువారం పొద్దున్నే సంచీ సర్దుకుని కౌంటర్ దగ్గరికొచ్చాడు. 'కాదు' అన్న మాట నాలుక చివరే ఉంది. తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"ఇంటికి ఏమని చెబుతున్నారు మామయ్యగారూ?" అన్నాడు పెళ్ళికొడుకు, శుభ్రమైన తెలుగులో.

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు టైలరు. "ఎప్పుడు... ఎలా తెలిసింది?"

"మొదటిరోజే. పాస్‌పోర్టు మీరే ఇచ్చారుగా! ఇంటిపేరు, ఊరు, అత్తయ్యగారి పేరు, అన్నీ అందులోనే ఉన్నాయి."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. సిగ్గు కాస్తా మళ్ళీ కోపమైంది.

"తెలిసి కూడా నా కళ్ళ ముందే ఆ దొడ్లు కడిగావా? రెండ్రోజులు టై కట్టుకుని కూర్చుంటే ఏం పోయింది?"

"కూర్చుందామనే అనుకున్నానండీ. మంచి చొక్కా కూడా తీసి పెట్టుకున్నా. కానీ మీరు వెళ్ళిపోయాక ఆ బకెట్ నాదే కదా. ఇక్కడ అన్ని పనులూ నేనే చేస్తానని పేరయ్యగారికి చెప్పా. ఆయన నన్ను మేనేజర్ని చేశారు. చూసి కాదంటే కాదనండి, పర్లేదు. చూడకుండా అవునంటే, ఎప్పుడు బయటపడుతుందోనని రోజూ చస్తూ బతకాలి." ఆ మాటంటూనే తాళంచెవి కొక్కేనికి తగిలించి, బల్ల తుడిచాడు.

టైలరు సంచీ కింద పెట్టాడు. తర్వాత జేబులోంచి టేపు తీశాడు.

"అటు తిరుగు."

"ఎందుకండీ?"

"మామ టైలరై ఉండగా పెళ్ళి చొక్కా బజార్లో కొనుక్కుంటావా ఏం? తిరగవయ్యా!"

భుజం మీద టేపు పరిచాడు. పదిహేడున్నర. నమ్మలేక మళ్ళీ కొలిచాడు. పదిహేడున్నరే.

"నిన్ను అరంగుళం తక్కువ అంచనా వేశాను నాయనా" అన్నాడు. టేపు మెడలో వేసుకుని కూతురికి ఫోన్ కలిపాడు.